కుంకుడు రసమూ, ఘర్షణా, పదకొండుమంది ఆడపిల్లలూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది అన్యాయమైన మాట. ముక్కు దాకా రావడానికి దానికి ఎంతోకొంత టైము పడుతుంది. కానీ ఆ శనివారం మధ్యాహ్నం మా కాలేజీ కార్యదర్శిగారు రోడ్డు పక్కన పడి ఉన్న నల్లరాతి బల్లని చూసి, "పోన్లెండమ్మా, ఆడపిల్లలకి ఫిజిక్సు లేకపోతే కొంపేం మునిగింది? ఆ గదిలో కుట్టుమిషన్లు వేసుకుందాం" అన్నప్పుడు మాత్రం ఆ కాస్త టైము కూడా పట్టలేదు.

"రేపు సాయంత్రానికల్లా ఆ రాయి లాబ్‌లో ఉంటుందండీ" అన్నాను.

"ఎలా ఉంటుంది?"

"భౌతికశాస్త్రం ప్రకారం ఉంటుంది."

ఆ ప్రకారం ఏమిటో అప్పటికి నాకూ తెలీదు. కానీ అనేశాను. అన్నాక వెనక్కి తీసుకునే రకం కాదు నేను.

అప్పటికి నేను విశాఖపట్నం వచ్చి ఏడాదిన్నర అయింది. స్టీల్ ప్లాంటు ఇంకా కట్టుబడిలోనే ఉంది. ఊళ్ళో ఎవర్ని కదిపినా సిమెంటు, ఇనుము, ఉద్యోగం, ఈ మూడు మాటలే. మాది గోదావరి వైపు. ఎమ్మెస్సీ చదివి, వన్ టౌన్‌లో కొండ వాలున ఉన్న ఒక చిన్న ఆడపిల్లల జూనియర్ కాలేజీలో టెంపరరీ లెక్చరర్‌గా చేరాను. ఉండేది మాత్రం పోర్టులోకి ఓడలొచ్చే ఛానల్‌కి అవతల మల్కాపురంలో, పోర్టు కళాసీల మేస్త్రీ ఇంట్లో ఒక వాటాలో. కళాసీలంటే క్రేను అందని చోట పెద్దపెద్ద మిషన్లనీ ఓడ సామాన్లనీ మోకులతో, గునపాలతో, నోటి పాటతో కదిలించే మనుషులు. రోజూ పొద్దున్నే లాంచీ ఎక్కి ఛానల్ దాటి కాలేజీకి వచ్చేదాన్ని.

మా ఎంపీసీ గ్రూపులో పదకొండుమంది పిల్లలు. పోర్టులోనో రిఫైనరీలోనో పనిచేసే వాళ్ళ కూతుళ్ళు. మగపిల్లలు కూడా చదివే కాలేజీకైతే వాళ్ళ ఇళ్ళలో పంపరు. ఈ గ్రూపు పోతే వాళ్ళ లెక్కలూ సైన్సూ అక్కడితో సరి. నా ఉద్యోగమూ అక్కడితో సరి. కిందటేడు తనిఖీకి వచ్చినాయన మా లాబ్ చూసి పెదవి విరిచి వెళ్ళాడు. మా కొండ కింద నుంచే ఇనపరాయి వ్యాగన్లు పోర్టులోకి పోతాయి. అవి పోయినప్పుడల్లా చెక్కబల్ల మీద గాల్వనోమీటరు ముల్లు తైతక్కలాడుతుంది. కదలని రాతిబల్ల వేయిస్తే గ్రూపు ఉంచుతామనీ, లేకపోతే తీసేస్తామనీ రాసి పోయాడు. మళ్ళీ తనిఖీ సోమవారం పదిగంటలకి. రాతిబల్ల వచ్చింది శనివారం. లారీ మా సందు మలుపు తిరగలేక, డ్రైవరు ఆ రాయిని ఏటవాలు దారి మొదట్లో దింపేసి తన దారిన తాను పోయాడు.

ఏటవాలు దారి అంటే రోడ్డు నుంచి కాలేజీ వాకిట్లోకి ఎక్కడానికి వేసిన సిమెంటు దారి. కొత్తగా వేసింది, నున్నగా ఉంటుంది. నిలువెత్తు మనిషి కంటే పొడుగైన ఒకే పలక ఆ రాయి. నేనూ నా పదకొండుమందీ దాని చుట్టూ చేరి తలో చెయ్యీ వేసి చూశాం. అది చీమంత కూడా కదల్లేదు.

ఇక్కడ నేను పాఠం ఎలా చెప్పేదాన్నో కాస్త చెప్పాలి. ఘర్షణ అంటే నాకు మహా మంట. లోకంలో జరగాల్సిన పనులన్నిటికీ అడ్డం పడేది అదేనని గొంతు చించుకునేదాన్ని. "ఘర్షణే లేకపోతే ఇక్కడ తోసిన బండి భీమిలి దాకా పోతుందర్రా!" అంటే పిల్లలు పుస్తకాల మీద పడి నవ్వేవాళ్ళు. కాబట్టి శనివారం సాయంత్రం రాయి చుట్టూ మీటింగు పెట్టినప్పుడు, శత్రువు ఎవరో మా అందరికీ ముందే తెలుసు. దాన్ని చంపడం ఎలా అన్నదే సమస్య.

ఒకమ్మాయి గ్రీజు అంది. తర్వాత ఎవరు కడుగుతారని ఇంకో అమ్మాయి. నూనె అంది ఒకతి, వాళ్ళమ్మ చంపేస్తుందని తనే వెనక్కి తగ్గింది. అప్పుడు అందరిలోకీ పొట్టిది, క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చునే పిల్ల, మెల్లిగా అంది.

"రేపు ఆదివారం కదండీ. అందరికీ తలంటే కదా. కుంకుడు రసం!"

నేను ఆ పిల్లని ఎత్తుకున్నంత పనిచేశాను. ఇంటికో గుండిగెడు కుంకుడు రసం! జారుడుకి జారుడు, తర్వాత నీళ్ళు పోస్తే శుభ్రం. న్యూటన్ కూడా కుంకుడుకాయలతో తలంటుకుని ఉంటే ఇంకో రెండు సూత్రాలు కనిపెట్టి ఉండేవాడనిపించింది నాకు.

ఆ సాయంత్రం మల్కాపురం వెళ్ళగానే మేస్త్రీ దగ్గర కూర్చుని, సెక్రెట్రీగారి మాటతో సహా జరిగిందంతా చెప్పాను. ఆయన మడమ బెణికి, కాలికి కట్టు కట్టుకుని వరండాలో మంచం మీద ఉన్నాడు.

"గ్యాంగంతా రేపు ఓడ మీదుంతాది పంతులమ్మా. రాయి ఎవులు లాగుతారు?"

"పదకొండుమంది ఉన్నారు."

"ఏ గ్యాంగోలు?"

"నా స్టూడెంట్లు."

ఆయన బీడీ తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఆడగుంటలా! మోకంతే ఏటనుకున్నారు, జడకుప్పెలా?"

లోపల అంట్లు తోముతున్న ఆయన కూతురు చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చింది. కిందటేడు టెన్త్ పాసైంది, మంచి మార్కులు. "ఆడగుంటకి ఇంతకన్నా సదువేల" అని ఆయన అక్కడితో ఆపేశాడు. అప్పటినుంచి నేను లాంచీకి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి నా చేతిలో పుస్తకాలకేసి చూసేది. ఆ చూపు నాకు పొద్దున్నే గుచ్చుకునేది. ఆయనతో రెండుసార్లు మాట్లాడి చూశాను, లాభం లేకపోయింది.

"నాన్నా, నాను కూడా ఎల్తాను. పన్నెండో మనిసిని" అంది.

ఆయన కూతుర్నీ నన్నూ మార్చిమార్చి చూశాడు. "సరే ఎల్లు. పంతులమ్మకి సరదా తీరాల గదా" అన్నాడు. పొద్దున తొమ్మిదికల్లా మోకూ, కప్పీ, గునపం, ఇనప పైపులూ, రైలు స్లీపరు చెక్కలూ రిక్షాలో వేసుకుని వస్తానన్నాడు.

నాకు మళ్ళీ రోషం వచ్చింది. ఆయన తొమ్మిదికి వచ్చేసరికి రాయిని సగం దూరం ఎక్కించేసి, చేతులు కట్టుకుని నిలబడాలనుకున్నాను.

ఆదివారం ఏడున్నరకే పదకొండుమందీ దిగారు. అందరివీ నూనె తలలే. పాపం, తలకి పట్టించి ఉంచుకున్న కొబ్బరినూనె కారుతూనే ఉంది, కుంకుడు రసం మాత్రం చెంబుల్లో, క్యాన్లలో, ఒకమ్మాయి ఏకంగా కూజాలో మోసుకొచ్చింది. ఏటవాలు పైనుంచి కింద దాకా కుమ్మరించాం. కొబ్బరి చీపుళ్ళతో రుద్దాం. నురగ తెల్లగా పొంగి దారంతా కమ్ముకుంది. సముద్రం గాలికి నురగ ముక్కలు ఎగిరి మా ముక్కుల మీద వాలాయి. నూతి చేంతాడు రాయికి బిగించి, అందరం ఏటవాలు మీద వరసగా నిలబడి తాడు పట్టుకున్నాం.

"రెడీ! వన్, టూ, త్రీ!" అని అరిచాను.

రాయి రాలేదు. మేమే రాయి దగ్గరికి వెళ్ళాం.

నిజంగా అంతే జరిగింది. తాడు లాగాం, కాళ్ళు జారాయి, పన్నెండుమందిమీ నురగలో కూర్చున్న పళంగా కిందికి జర్రున జారి వెళ్ళి రాయిని ఢీకొన్నాం. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒకళ్ళ మీద ఒకళ్ళం మెత్తగా పడ్డాం. తర్వాత పొట్టిపిల్ల అందరి అడుగునుంచి, "మేడమ్, చర్యకు ప్రతిచర్య సమానము!" అంది. అంతే, ఇక లేవలేకపోయాం. నవ్వి నవ్వి కడుపులు పట్టుకున్నాం. లేవబోయిన వాళ్ళు మళ్ళీ జారారు, జారిన వాళ్ళని చూసి మిగతావాళ్ళు మళ్ళీ నవ్వారు.

సరిగ్గా అప్పుడే కూతుర్ని వెంటబెట్టుకుని మేస్త్రీ రిక్షా దిగాడు. కుంటుకుంటూ వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని మమ్మల్ని చూశాడు.

"ఎవులు పోసినారు ఇది?"

"నేనే" అన్నాను నురగలోంచి.

"ఏలమ్మా?"

"ఘర్షణ పోవాలని."

"ఓర్నాయనో! ఎవులి కాల కింద పోవాల? రాయి కింద పోవాల. రాయి జారాల, మడిసి నిలబడాల! మీరు రాయినేమో పొడి రోడ్డు మీద ఒగ్గీసి, మీ కాల కింద సబ్బు పోసుకున్నారు. అదెలగొస్తాది? మీరే దానికాడికొస్తారు!"

నేను నురగలోనే కూర్చుని లెక్క కట్టాను. తాడు రాయిని మావైపు ఎంత లాగిందో, మమ్మల్నీ రాయివైపు అంతే లాగింది. ఎవరి కాళ్ళ కింద నేల గట్టిగా పట్టుకుంటే వాళ్ళు నిలబడతారు. ఎనిమిదేళ్ళు చదివి, ఏడాదిన్నర చెప్పి, ఘర్షణ లేకపోతే మనిషి అడుగు తీసి అడుగు వెయ్యలేడన్న చిన్న సంగతి మర్చిపోయాను. అన్నాళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ నా కాళ్ళ కిందే జారాయి. సిగ్గేసింది. కానీ ఆ సిగ్గులో కూడా నవ్వు ఆగలేదు.

మేస్త్రీ మాత్రం నా ఆలోచనని పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. "సగం బాగానే ఉన్నాది" అన్నాడు. ఏటవాలు మధ్యలో బల్ల వెడల్పున నురగ ఉంచమన్నాడు. రెండు పక్కలా మనుషులు నిలబడే చోట కడిగించి, కట్టుబడి ఇసక జల్లించాడు. రాయి ముందు అంచు కింద గునపం దూర్చి, గునపం కింద ఇటుక పెట్టి, ఆ చివర పొట్టిపిల్లని కూర్చోమన్నాడు. ఆ పిల్ల కూర్చోగానే అంత రాయీ అంచుపట్టున లేచింది! పొట్టిపిల్ల ఎంత పొంగిపోయిందో చెప్పలేను. "నేనేనా? నేనేనా ఎత్తింది?" అని గునపం మీదే ఊగింది. కింద స్లీపరు చెక్కలు దూర్చి, రాయిని వాటికి కట్టాం. మోకు ఒక కొసని పైన వాకిట్లోకి పొడుచుకొచ్చిన కొండరాయికి కట్టి, రెండో కొసని రాయికి ముందు బిగించిన కప్పీలోంచి తిప్పి మా చేతికిచ్చాడు.

"ఇప్పుడు బరువు సగం మీది, సగం ఆ కొండది. కానైతే మోకు రెండు బారలు లాగితే రాయి ఒక బారే వస్తాది. సులువుకి ఎక్కువ లాగాల."

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ వారమే నేను నల్లబల్ల మీద రాసిన లెక్క అది. బలం తగ్గితే దూరం పెరుగుతుంది, పని మాత్రం తగ్గదు. నేను రాసినప్పుడు పుస్తకాల్లోకి దించుకున్నారు. ఇప్పుడు తలలూపారు.

రాయి వెనక్కి జారితే ఆపడానికి చెక్క ముక్క పట్టుకుని మేస్త్రీ వెనక కూర్చున్నాడు. అన్నీ సిద్ధం. కానీ ఆయన ఏమీ అనడు.

"మరి లాగమంటారా?" అన్నాను.

"పాట లేందే మోకు లాగకూడదు పంతులమ్మా. మడిసికోసారి లాగితే రాయి కదలదు. ఒక్క మాట మీద ఒక్కసారి లాగాల."

"పాడండి మరి."

ఆయన కట్టు కట్టిన కాలికేసి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కూతురు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పాటలు మీ ముందర పాడడండి. సిగ్గు" అంది.

కళాసీ పాటలు ఎలాంటివో అప్పుడు అర్థమైంది. ఓడ మీద మగవాళ్ళు పాడుకునేవి, ఆడపిల్లలు వినేవి కావు. ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు, ఒక పాట ఎత్తుకోబోయి మొదటి మాట దగ్గరే మింగేశాడు. చివరికి, దేవుడి పేరైతే తప్పులేదనుకున్నాడో ఏమో, "ఏడుకొండలవాడా!" అని కేక పెట్టాడు.

"గోవిందా!" అని పదకొండుమందీ మోకు వదిలేసి రెండు చేతులూ పైకెత్తారు. నేనూ ఎత్తాను.

మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. పుట్టినప్పటినుంచీ గోవిందా అంటే చేతులెత్తడమే తెలుసు మాకు. రెండోసారి ముందే హెచ్చరించి మరీ అన్నాడు. ముగ్గురు పట్టుకున్నారు, మిగతావాళ్ళవి మళ్ళీ లేచాయి. గంట పదయింది. ఎండ ఎక్కుతోంది, మధ్యలో నురగ ఆరిపోతోంది. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. రేపు ఈ పిల్లలు కుట్టుమిషన్ల ముందు కూర్చోవాలి, ఈ నవ్వంతా ఇక్కడితో సరి అనిపించింది.

పొట్టిపిల్లకి కంగారు పుడితే పాఠాలు గొణుక్కునే అలవాటు. "ఎఫ్ ఈజీక్వల్టూ ఎమ్ ఏ, ఎఫ్ ఈజీక్వల్టూ ఎమ్ ఏ" అని నోట్లో నోట్లోనే అనుకుంటోంది. మేస్త్రీ కూతురు ఆ పిల్ల వెనకే నిలబడి ఉంది. ఆ మాట విని తల పక్కకి వంచింది. పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల చెవుల్లో కళాసీ పాటల ఊపే ఉంది మరి. ఒక్కసారి గొంతెత్తింది.

"ఎఫ్ ఈజీక్వల్టూఊఊ..."

"ఎమ్మే!" అని అందరూ అరిచారు. అరుస్తూనే లాగారు.

రాయి కదిలింది.

కదిలిందంటే జానెడు. మేస్త్రీ చెక్క ముక్క దూర్చాడు. మాకు కేకలు ఆగలేదు. ఆయన గసిరాడు. "బేగి అనండి! కదిలినప్పుడే లాగాల. ఆగితే మల్లీ మొదట్నించి పెట్టాల!" ఆగి ఉన్నదాన్ని కదపడానికే ఎక్కువ బలం కావాలి, కదులుతున్నదానికి తక్కువ చాలు. ఇదీ పుస్తకంలో ఉన్నదే. కానీ అరచేతుల్లో తెలియడం వేరు.

మేస్త్రీ కూతురు ఇక ఆగలేదు. అక్కడికక్కడే మాటలు కట్టేసింది.

"రాయి రానంతాదీ..."

"ఎమ్మే!"

"ఎండ పొమ్మంతాదీ..."

"ఎమ్మే!"

"సెక్రెట్రీ వద్దంతాడూ..."

"ఎమ్మే!!"

ఈ చివరిదానికి వచ్చినంత బలం ఇంక దేనికీ రాలేదు. అది అర్థమై ఆ పిల్ల మూడింట్లో రెండుసార్లు సెక్రెట్రీనే పిలిచింది. సందులో జనం పోగయ్యారు. సైకిళ్ళు ఆగాయి. ఎవరో మగాళ్ళు సాయానికి రాబోతే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవులూ ముట్టొద్దు బావా! ఇది మా గ్యాంగు" అన్నాడు. మా గ్యాంగు అన్నాడు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో సగం కుంకుడు రసమే అనుకోండి.

పన్నెండు దాటేసరికి రాయి ఏటవాలు ఎక్కేసింది. ఇక అంతా చదును. వాకిలి దాటితే లాబ్. లాబ్ కోసం ఈ మధ్యే కట్టిన గది, ఇంకా గడప కూడా పెట్టలేదు, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మేస్త్రీ స్లీపర్ల కింద ఇనప పైపులు వేయించాడు. వెనక బయటపడ్డ పైపుని తీసుకుపోయి ముందు పెట్టడం, లాగడం.

"ఇక్కడ మాత్రం మెల్లగా లాగాల" అన్నాడు. ఆ మాట చెవికెక్కే స్థితిలో ఎవరూ లేరు. చేతులు బొబ్బలెక్కి, తలలు నూనె కారి, గొంతులు బొంగురుపోయి, పూనకం వచ్చినట్టున్నాం.

"సెక్రెట్రీ వద్దంతాడూ..."

"ఎమ్మే!!!"

పైపుల మీద రాయి ఒక్కసారిగా పరుగందుకుంది. మేం మోకు వదిలి పక్కలకి దూకాం. రాయి ఆగలేదు. అప్పుడు చూశాం. లాబ్ గుమ్మంలో కార్యదర్శిగారు, గంజిపెట్టిన తెల్లపంచెలో, మావైపు వీపు పెట్టి, టేపుతో గది కొలుచుకుంటున్నారు. ఎన్ని మిషన్లు పడతాయో చూసుకుంటున్నట్టున్నారు. పక్క గేటునుంచి ఎప్పుడు వచ్చారో, మా గోల ఎందుకు పట్టించుకోలేదో ఇప్పటికీ తెలీదు. కొలతల్లో మునిగిపోయి ఉంటారు.

"తప్పుకోండీ!" అని అరిచాను.

ఆయన తిరగబోయారు. రాయి అంచు మెత్తగా పిక్కలకి తగిలింది. ఆయన కూర్చున్నారు, రాయి మీదే. రాయి ఆయన్ని ఎక్కించుకుని, మర్యాదగా, తొందర లేకుండా, లాబ్‌లోకి పోయింది. చేతిలో టేపు సర్రుమని సాగుతూనే ఉంది.

"ఆపండి! ఆపండమ్మా!"

"ఆపడానికీ బలం గావాలండి బాబూ! అందరం అలిసిపోనాం!" అంది మేస్త్రీ కూతురు.

ముందు పైపులు అయిపోయాక చెక్కలు నేలకి ఆని రాయి తనంతట తనే ఆగింది. ఘర్షణ! ఆ క్షణాన దానికి దణ్ణం పెట్టాలనిపించింది. కార్యదర్శిగారు లేచారు. పంచె వెనక కుంకుడు నురగ. గదినీ, రాయినీ, మా అందరి అవతారాలనీ చూశారు. మేం నవ్వకుండా ఉండాలని పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాం. ఆయన టేపు చుట్టుకుని, ఒక్కమాట కూడా అనకుండా వెళ్ళిపోయారు. ఆ మౌనం మాత్రం నాకు నచ్చలేదు. సాయంత్రానికి రాయిని ఇటుక దిమ్మెల మీదికి ఎక్కించాం, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఒక్క మాట చెడ్డగా చెబితే చాలు, గ్రూపు పోతుంది.

సోమవారం తనిఖీకి వచ్చినాయన పెద్దవాడు, నవ్వు మొహమే కాదు. గాల్వనోమీటరు రాతిబల్ల మీద పెట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కింద వ్యాగన్లు వచ్చాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ముల్లు కదల్లేదు. వ్యాగన్లన్నీ పోయేదాకా చూసి ఆయన పొట్టిపిల్ల వైపు తిరిగాడు.

"ఘర్షణ వల్ల లాభమా, నష్టమా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "మన కాళ్ళ కింద కుంకుడు రసం పోసుకోనంతవరకూ లాభమేనండి."

పదకొండుమందీ భళ్ళున నవ్వేశారు. ఆపుకోవాలని చూసినకొద్దీ ఇంకా ఎక్కువైంది. ఆయన మొహం గట్టిపడింది. నా ప్రాణం పోయింది. నేను నోరు తెరిచేలోపే మూలనుంచి గొంతు సవరించుకున్న శబ్దం వినపడింది. కార్యదర్శిగారు.

"పిల్లల్నేమీ అనకండి. ఈ రాయిని రోడ్డు మీదనుంచి ఇక్కడికి వీళ్ళే తెచ్చారు. కళ్ళారా చూశాను" అన్నారు. పంచె సర్దుకుని, "దాని మీద కూర్చుని వచ్చాను కూడా" అన్నారు. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఆ తర్వాత కథంతా ఆయనే చెప్పారు, తనే దగ్గరుండి నడిపించినట్టు. పిల్లల అరచేతులు చూపించమన్నారు. పదకొండు జతల బొబ్బలెక్కిన చేతులు ఆ నల్లరాతి మీద వరసగా పరుచుకున్నాయి. పెద్దాయన ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ వెళ్ళి, చివర్న పెన్ను తీశాడు. గ్రూపు ఉంది.

మల్కాపురం వెళ్ళి చెప్పగానే మేస్త్రీ తలూపాడు. "ఉంతాది. ఎక్కడికి పోద్ది" అన్నాడు, మొదటినుంచీ తెలిసినట్టు. నేను నా వాటాలోకి వచ్చేశాను. కాసేపటికి ఆయన కర్ర ఊతంతో నా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పంతులమ్మా, నిన్న నా పాట ఆడగుంటల ముందర నోట్లోకి రాలేదు. నా కూతురు పాట మాత్రం నలుగురి ముందరా నిలబడ్డాది. దాన్ని కూడా మీ మోకు కాడ నిలబెట్టీండి."

ఇన్నాళ్ళూ నేను ఎన్ని విధాల చెప్పినా కదలని మనిషి. నేను నిజంగానే ఏడ్చేశాను, ఈసారి కుంకుడు రసం లేకుండా.

జూన్‌లో ఆ పిల్ల ఎంపీసీలో చేరింది. ఇద్దరం కలిసి లాంచీలో వెళ్ళేవాళ్ళం. ఒక రోజు ఛానల్ మధ్యలో ఉండగా జెట్టీ వైపునుంచి కేకలు వినపడ్డాయి. ఓడ పక్కన పెద్ద మిషనేదో కదిలిస్తున్నారు, ముప్ఫైమంది దాకా కళాసీలు. మోకు బిగిసింది, ఒక గొంతు లేచింది. నాకు తెలిసిన గొంతే.

"సెక్రెట్రీ వద్దంతాడూ..."

"ఎమ్మే!"

ముప్ఫైమంది మగాళ్ళు. ఆ సెక్రెట్రీ ఎవరో వాళ్ళలో ఒక్కడికి కూడా తెలీదు. నేను లాంచీ అంచు పట్టుకుని నవ్వుతూ పడబోయాను.

"అర్థం చెప్పావా మీ నాన్నకి?" అన్నాను నవ్వు మధ్యలో.

"సెప్పినానండి. మాసు, యాక్సిలరేషను, రెండూ సెప్పినాను. ఇన్నాడు" అంది ఆ పిల్ల, పుస్తకాలు గుండెకి హత్తుకుని జెట్టీవైపే చూస్తూ. "అదేటో గానీ, ఎమ్మే అంతే సామాను కదుల్తన్నాది అన్నాడండి."

జెట్టీ మీద మిషను కదిలింది.